పాత బ్యాగు, కొత్త తరగతి: ఏది బాగుచేయాలి, ఏది మార్చాలి

పరిధి: ఇద్దరు పిల్లల బడి సామాను. ఒకరు నాలుగో తరగతికి, ఒకరు ఏడో తరగతికి వెళ్తున్నారు. బడి జూన్ 12న తెరుస్తారు. పని మే మొదట్లోనే మొదలుపెట్టాలి. జూన్ వచ్చిందంటే చెప్పులు కుట్టేవాళ్లు, టైలర్లు, బైండింగు షాపులవాళ్లు తలమునకలుగా ఉంటారు. ఇచ్చిన పని బడి తెరిచాకే చేతికొస్తుంది.

స్కూలు లిస్టులో అడిగిన కొత్త నోటుబుక్కులు, పాఠ్యపుస్తకాలు ఈ లెక్కలో కలపలేదు, అవి ఎలాగూ కొనాల్సినవే. మిగతా సామాను మొత్తం కొత్తది కొంటే ఎంతవుతుందో ముందు షాపుల్లో అడిగి రాసుకున్నాం:

- బ్యాగులు రెండు: 1,950
- జామెట్రీ బాక్సులు రెండు: 300
- నీళ్ల సీసాలు రెండు: 650
- టిఫిన్ బాక్సులు రెండు: 600
- బూట్లు రెండు జతలు: 1,150
- సాక్సులు నాలుగు జతలు: 200
- యూనిఫాం ప్యాంట్లు రెండు: 900
- రఫ్ నోట్లు నాలుగు: 180
- పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్: 65

మొత్తం రూ. 5,995.

దశ 1: వేరుచేయడం

ప్రతి వస్తువునీ మూడు ప్రశ్నలతో చూశాం.

1. పరీక్ష పెడితే పని చేస్తోందా? చూపుకి బాగుంటే చాలదు.
2. పాడైన భాగం విడిగా దొరుకుతుందా?
3. పిల్లల ఒంటి కొలతతో దానికి సంబంధం ఉందా?

మూడో ప్రశ్నకి "అవును" అంటే టేపు తీయాలి. బూటు ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే, పాదం పెరిగితే అది పనికిరాదు. బ్యాగుకీ సీసాకీ జామెట్రీ బాక్సుకీ ఆ బెడద లేదు కాబట్టి, క్యాలెండర్ మారిందని వాటిని మార్చే పని లేదు.

ఇంట్లో ఉన్న పనిముట్లు: కటింగ్ ప్లేయర్, స్టీలు స్కేలు, కొలత టేపు, కట్టర్, సుత్తి, కాటా. కొన్నవి (రూపాయల్లో): దబ్బనం 10, మందపాటి నైలాన్ దారం 30, చెప్పులు కుట్టే ఆరె 40. నూలు దారం వద్దు. వానకి నాని, ఆరి, మళ్లీ నాని దీపావళి వచ్చేసరికి పుటుక్కుమంటుంది.

ఖర్చు 80. ఇప్పటిదాకా రూ. 80.

దశ 2: బ్యాగులు

రెండు బ్యాగులూ పడేయడానికి పక్కన పెట్టినవే. విప్పి చూస్తే చిన్న బ్యాగుకి పోయింది జిప్పు, పెద్దదానికి పట్టీ మొదలు. మిగతా గుడ్డ, కుట్లు, వీపు దగ్గర స్పాంజి బాగానే ఉన్నాయి. స్కూలు బ్యాగులు ఎక్కువగా పాడయ్యేది ఈ రెండు చోట్లే, రెంటికీ చవకలో మందు ఉంది.

జిప్పు సంగతి ముందు. రన్నర్ నడుస్తోంది, వెనక పళ్లు మాత్రం విడిపోతున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది జిప్పు మొత్తం పోయిందనుకుంటారు. నిజానికి వాడకానికి అరిగి వదులయ్యేది రన్నర్ లోపలి గాడి. అది పళ్లను గట్టిగా ఒత్తలేకపోతుంది. మొదట రన్నర్ వెనక అంచులు రెండిటినీ కటింగ్ ప్లేయర్‌తో కొద్దికొద్దిగా నొక్కాం. ముందు జేబు జిప్పు దారికొచ్చింది కానీ ఎక్కువ కాలం నిలవలేదు. పెద్ద జిప్పు రన్నర్ నొక్కుతుండగానే చిట్లింది. ఈ రన్నర్లు పోత లోహం, వంగవు, విరుగుతాయి. నొక్కడం బడికి వెళ్లే పొద్దున ఆ పూట గడవడానికి పనికొచ్చే ఉపాయం, అంతే. రన్నర్ మార్చడమే అసలు రిపేరు.

కొనేముందు పాత రన్నర్ వెనక వైపు చూడండి, 3, 5, 8, 10 అని అంకె అచ్చు ఉంటుంది. స్కూలు బ్యాగుల పెద్ద జిప్పుకి ఎక్కువగా 8 లేదా 10, ముందు జేబుకి 5. అంకె ఒక్కటే కలిస్తే చాలదు, పళ్ల రకం కూడా కలవాలి. నైలాన్ చుట్ట పళ్ల రన్నర్ విడివిడి ప్లాస్టిక్ పళ్ల జిప్పుకి పట్టదు. పాత రన్నర్‌ని జేబులో వేసుకుని వెళ్లడం మేలు. టైలరింగ్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట రకానికో డబ్బా ఉంటుంది.

మార్చే పద్ధతి:

1. లైనింగు లోపల, జిప్పు చివర కుట్టు 3 సెం.మీ. మేర విప్పాలి.
2. పాత రన్నర్‌ని పక్కనుంచి కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి తీయాలి. లాగితే పళ్లు లేస్తాయి.
3. జిప్పు రెండు అంచుల్నీ సమానంగా, అడ్డంగా కత్తిరించి, పోగులు విడిపోకుండా కొవ్వొత్తి మంటకి ఇలా చూపి అలా తీయాలి. ఎక్కువసేపు పెడితే గడ్డకట్టి రన్నర్‌లోకి దూరదు.
4. రన్నర్‌కి ఒకవైపు రెండు నోళ్లు, ఒకవైపు ఒకటే ఉంటుంది. రెండు నోళ్ల వైపు నుంచి ఒక్కో అంచుని ఒక్కో నోట్లోకి దూర్చి, రెండూ కలిపి వెనకనుంచి లాగాలి.
5. కాస్త నడిపి చూసి, రెండు అంచులూ ఒకే పొడవున వస్తున్నాయో లేదో గమనించాలి. రెండు మూడు పళ్లు తేడా ఉంటే జిప్పు చివర ముడతపడుతుంది. తీసి మళ్లీ ఎక్కించాలి.
6. చివర అడ్డంగా ఆరేడు కుట్లు వేసి, లైనింగు మూసేయాలి.

ఒకే జిప్పుకి రెండు రన్నర్లుంటే రెండింటి రెండు-నోళ్ల వైపులూ ఎదురెదురుగా ఉండాలి. అందుకే ఒకదాన్ని ఈ చివర నుంచి, రెండోదాన్ని ఆ చివర నుంచి ఎక్కించాలి. అన్నీ అయ్యాక పళ్ల మీద కొవ్వొత్తి రాస్తే నడక తేలికవుతుంది. నూనె రాయొద్దు, దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది.

ఇక పట్టీ. పెద్ద బ్యాగుకి కుడి పట్టీ పైన, వీపుకి కుట్టిన చోట గుడ్డ చీలింది. పిల్లలు బ్యాగుని ఒక్క భుజానికే వేసుకుంటారు, బరువంతా ఆ నాలుగు వేళ్ల వెడల్పు మీదే పడుతుంది. చీలిన గుడ్డనే దగ్గరకి లాగి దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టి, బరువు వేలాడదీశాం. దారం తెగలేదు, గుడ్డ తెగింది. రెండు మిల్లీమీటర్లకో కన్నం పడేసరికి ఆ వరసంతా పోస్టల్ స్టాంపు అంచులా తయారై, అక్కడికక్కడే చిరిగింది. మార్పు రెండు చోట్ల చేశాం. లోపలి వైపు 6×8 సెం.మీ. పాత జీన్స్ గుడ్డ అతుకు పెట్టాం, కుట్టు పొడవు 4 మి.మీ. చేశాం. కుట్టు చతురస్రంగా వేసి, మధ్యలో ఇంటూ గుర్తులా దాటించాలి. అప్పుడు బరువు ఒకే వరస మీద కాకుండా అతుకంతా పడుతుంది. స్పాంజి ఉన్న మందం దగ్గర దబ్బనం దిగదు. ఆ భాగం చెప్పులు కుట్టే అతని మెషీన్ మీద వేయించాం, రెండు పట్టీలకీ కలిపి 60. అతుకు మనమే కత్తిరించి ఇచ్చి, "లోపల పెట్టి కుట్టండి" అని చెప్పాలి. చెప్పకపోతే చిరుగు మీదే కుట్టేస్తారు.

కింది పట్టీలు జారిపోతుంటే బకిల్ పళ్లు అరిగాయని అర్థం. రెండు బకిల్స్ 20, అంగుళం వెడల్పు నైలాన్ నవారు మీటరు 15.

పరీక్ష: బడికి మోసే బరువుకి రెట్టింపు. నాలుగో తరగతి బ్యాగు నిండుగా 3.1 కిలోలు తూగింది కాబట్టి, 6 కిలోల బియ్యం మూట పెట్టి, గోడ మేకుకి ఒక్క పట్టీ మీదే రాత్రంతా వేలాడదీశాం. పొద్దున్నే అతుకు అంచున ముందే గీసి పెట్టిన పెన్సిల్ గీత జరిగిందేమో చూశాం. జరగలేదు.

ఆ 3.1 కిలోల దగ్గర కాసేపు ఆగాలి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదు. 3 నుంచి 5 తరగతులకి 1.7–2.5 కిలోలు, 6, 7 తరగతులకి 2–3 కిలోలు అని అందులో ఉంది. విడదీసి తూచాం: ఖాళీ బ్యాగు 780 గ్రాములు, నీళ్లతో ముప్పావు లీటరు సీసా కిలో, పుస్తకాలు 1,320. షాపులో చూసిన కొత్త బ్యాగు ఖాళీగానే మరింత బరువు, పైగా అరలు ఎక్కువ. అర ఉంటే అందులోకి ఏదో ఒకటి చేరుతుంది. పాత బ్యాగు బాగుచేయడానికి డబ్బు కన్నా ఇదే పెద్ద కారణమని మా అభిప్రాయం.

ఉతకడం రిపేరు తర్వాత కాదు, ముందే చేయాలి. మట్టి పట్టిన గుడ్డ మీద అతుకు నిలవదు. గోరువెచ్చని సర్ఫు నీళ్లు, మెత్తటి బ్రష్షు, తలకిందులుగా నీడలో ఆరబెట్టడం. మెషీన్‌లో వేయొద్దు. మే ఎండలో ఆరేస్తే నైలాన్ పెళుసెక్కుతుంది, లోపలి పూత పొలుసులుగా ఊడుతుంది. ఆ పూత ఊడటం మొదలైతే బాగుచేసే దారి లేదు, వానకి ఆగదు. పెద్ద బ్యాగు అడుగున అప్పటికే తెల్లటి పొట్టు రాలుతోంది. ఊడినదంతా పొడి బ్రష్షుతో దులిపేసి, పుస్తకాలకి మందపాటి ప్లాస్టిక్ కవరు వేశాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో విద్యార్థి మిత్ర కిట్‌లో బ్యాగు, బూట్లు, బెల్టు, నోటుబుక్కులు, యూనిఫాం గుడ్డ వస్తాయి. అలాంటి ఇళ్లలో పాత బ్యాగుని పారేయకుండా రన్నర్లు, బకిల్స్, నవారు విప్పి డబ్బాలో వేసుకుంటే కొత్త బ్యాగుకి విడిభాగాలవుతాయి.

రన్నర్లు (8వ నంబరు రెండు, 5వ నంబరు ఒకటి) 25, నవారు 15, బకిల్స్ 20, మెషీన్ కుట్టు 60. ఖర్చు 120. ఇప్పటిదాకా రూ. 200.

దశ 3: మిగిలిన తెల్లకాగితాలు

పాత నోటుబుక్కుల్లో వెనక ఖాళీ ఆకులు చాలా మిగులుతాయి. పిన్నులు ఊడదీసి ఖాళీ షీట్లను మళ్లీ మడిచి కుట్టేయొచ్చు అనిపిస్తుంది. అది ఎందుకు కుదరదో చూడండి. 200 పేజీల పుస్తకం అంటే 100 ఆకులు, మధ్యకి మడిచిన 50 షీట్లు. మొదటి ఆకూ నూరో ఆకూ ఒకే షీటు. రెండోదీ తొంభైతొమ్మిదోదీ ఒకటే. 60 ఆకులు రాసేశారనుకోండి, ఖాళీగా ఉన్న 61 నుంచి 100 దాకా ప్రతి ఆకుకీ అవతలి సగం రాసేసిన ఆకే. పూర్తి ఖాళీ షీటు ఒక్కటీ రాదు. సగం కన్నా తక్కువ రాసిన పుస్తకంలోనే నడిమి షీట్లు కొన్ని దక్కుతాయి. కాబట్టి ఆకుల్ని మడత దగ్గర కట్టర్‌తో కోసి, విడి ఆకులుగా పక్క కుట్టు వేయడమే మార్గం.

దొరికినవి: ఒక్క గీత 164 ఆకులు, గడులవి 58, నాలుగు గీతలవి 40. రకాలు కలపొద్దు. ఒక్క గీతలోనూ కంపెనీని బట్టి గీతల దూరం మారుతుంది. ఒకే పుస్తకంలో కలిస్తే పిల్లల దస్తూరీ పేజీ పేజీకీ మారిపోతుంది.

1. ఆకుల్ని ఒత్తుగా పేర్చి, పెద్ద క్లిప్పులతో మూడు వైపులా బిగించాలి. క్లిప్పు లేకుండా కన్నం వేస్తే నడిమి ఆకులు జరుగుతాయి.
2. కుట్టే అంచు నుంచి 10 మి.మీ. లోపలికి గీత గీసి, ఐదు గుర్తులు పెట్టాలి.
3. ఆరెతో 80 ఆకులు ఒకేసారి దిగవు. కింద చెక్క పెట్టి, సన్నని మేకుతో సుత్తి దెబ్బ వేయాలి.
4. నడిమి కన్నంలో మొదలుపెట్టి, ఒక చివరికి వెళ్లి, వెనక్కి తిరిగి రెండో చివరికి వెళ్లి, నడిమికే వచ్చి ముడి వేయాలి.
5. పాత క్యాలెండర్ షీటుని తెల్లవైపు పైకి ఉండేలా అట్టగా అంటించాలి.

10 మి.మీ. అనేది ఊరికే అన్న మాట కాదు. 5 మి.మీ. దగ్గర కుట్టిన పుస్తకంలో ఆకులు కన్నాల వెంట చిరిగి ఊడొచ్చాయి. 15 పెడితే చిరగవు కానీ పుస్తకం పరుచుకోదు, రాసేటప్పుడు ఇంకో చేత్తో అదిమి పట్టుకోవాల్సి వస్తుంది.

అట్టకి ఫెవికాల్ పలచగా, నీళ్లు కలపకుండా రాయాలి. నీళ్లు కలిపితే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. ఉడికించిన మైదా జిగురు చవకే, బాగా పడుతుంది కూడా. కానీ బొద్దింకలూ పుస్తకప్పురుగులూ దాని కోసమే వస్తాయి. బైండింగువాళ్లు అందుకని అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. వేలు నోట్లో పెట్టుకుని పేజీ తిప్పే పిల్లల పుస్తకాలకి వద్దు.

అంచులు ఇంట్లో కట్టర్‌తో సమంగా రావు. జిరాక్సు షాపులో కటింగ్ మెషీన్ మీద నాలుగు పుస్తకాలకీ కలిపి 20 తీసుకున్నారు. వచ్చినవి: 80 ఆకుల ఒక్క గీత పుస్తకాలు రెండు, గడులది ఒకటి, నాలుగు గీతలది ఒకటి. ఇవి రఫ్ నోట్లకే. క్లాస్‌వర్కుకి బడులు ఒకే సైజు అడుగుతాయి.

పాఠ్యపుస్తకాలు పాతవి తీసుకునేవాళ్లు (హైదరాబాద్‌లో కోఠి, విజయవాడలో లెనిన్ సెంటర్) ముద్రణ సంవత్సరం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. విషయసూచికని, పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులోని పీడీఎఫ్‌తో పాఠం పాఠం పోల్చి చూసుకోవాలి.

ఫెవికాల్ 25, కటింగ్ 20. ఖర్చు 45. ఇప్పటిదాకా రూ. 245.

దశ 4: జామెట్రీ బాక్సు, పెన్సిళ్లు

బాక్సు మొత్తం మార్చడం వృథా. లోపలివి ఒక్కొక్కటీ పరీక్షించాలి.

వృత్తలేఖిని: 5 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయాలి. మొదలుపెట్టిన చోటికే గీత వచ్చి కలవాలి. ఒకదానికి 2 మి.మీ. ఎడం వచ్చింది. కీలు స్క్రూ పావు చుట్టు బిగించగానే సరిపోయింది. స్క్రూకి బదులు రివిట్ ఉంటే ఇనప దిమ్మ మీద పెట్టి ఒక్క చిన్న దెబ్బ వేయాలి. గట్టిగా కొడితే కాళ్లు కదలవు. పెన్సిల్ ముక్క వదులుగా ఉన్నా ఇదే ఎడం వస్తుంది కాబట్టి ముందు అది బిగించి, తర్వాత కీలు ముట్టుకోవాలి.

స్కేలు, కోణమానిని: స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడాలి. ప్లాస్టిక్ స్కేలు సున్నా అంచు అరిగితే ప్రతి కొలతా తప్పే. గీతలు చెరిగిన కోణమానినికి రిపేరు లేదు. ఒక్కొక్కటి కొత్తవి కొన్నాం, విడిగా దొరుకుతాయి.

రబ్బరు స్కేలుకి అతుక్కుపోయి, స్కేలు మీద గుంట పడటం చాలా బాక్సుల్లో కనిపిస్తుంది. రబ్బరులో మెత్తదనం కోసం కలిపే రసాయనం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. రబ్బరుకి కాగితపు తొడుగు ఉంచేస్తే ఆ గొడవ ఉండదు. గట్టిపడి నిగనిగలాడే రబ్బరుని శాండ్ పేపర్ మీద నాలుగుసార్లు రుద్దితే మళ్లీ చెరుపుతుంది.

చెక్కిన ప్రతిసారీ ముల్లు విరిగే పెన్సిల్ కింద పడి లోపల ముక్కలైనదే. దాన్ని దాచినా లాభం లేదు. షార్ప్‌నర్ తప్పేమోనని అనుమానం ఉంటే ఇంకో పెన్సిల్‌తో చూడండి, అదీ విరిగితే బ్లేడు మొద్దుబారింది. ఎండిన స్కెచ్ పెన్నుల వెనక మూత తీసి, లోపలి దూదికి నాలుగు చుక్కల నీళ్లు వేస్తే కొన్నాళ్లు రాస్తాయి. రెండోసారి రంగు మరీ పాలిపోతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి నోటుబుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, క్రేయాన్ల మీద జీఎస్టీ లేదు. జామెట్రీ బాక్సుకి 12 శాతం నుంచి 5కి తగ్గింది. పాత ధర అచ్చున్న సరుకు కనిపిస్తే బిల్లులో పన్ను ఎంత వేశారో చూసుకోండి.

కోణమానిని 10, స్కేలు 15, పెన్సిళ్లు 50, రబ్బర్లు 10, షార్ప్‌నర్ 5. ఖర్చు 90. ఇప్పటిదాకా రూ. 335.

దశ 5: సీసా, టిఫిన్ బాక్సు

సీసా కారుతుంటే వాషర్ తీసి చూడాలి. పక్కకి నొక్కుకుపోయి ఉంటే కొత్తది వేయాలి. నల్లచుక్కలుంటే అది బూజు, రుద్దితే పోదు. కొలత పాత వాషర్ మీద కాకుండా మూతలోని గాడి మీద తీసుకోవాలి, పాతది సాగి ఉంటుంది. కారడం పరీక్షించడానికి సీసా నింపి, మూత బిగించి, పాత న్యూస్‌పేపర్ మీద బోర్లించి రాత్రంతా ఉంచాం. తడి గుండ్రం కనబడితే కారుతున్నట్టే.

వాసన వచ్చే స్టీలు సీసాకి చెంచా వంటసోడా, వేడినీళ్లు, రాత్రంతా. ప్లాస్టిక్ సీసా లోపల గీతలు పడి మసకబారితే బాగుచేయొద్దు, మార్చేయండి. ఈ మొత్తం పనిలో మేం వెనకాడకుండా కొన్న వస్తువు అదొక్కటే. ముప్పావు లీటరుకి బదులు అర లీటరు స్టీలుది తీసుకున్నాం. బడిలో నీళ్లు పట్టుకునే వసతి ఉంది కాబట్టి 3.1 కిలోల బ్యాగు 2.8కి దిగింది. ఇంకా పరిమితి పైనే ఉంది. ఆ 300 గ్రాములు టైంటేబుల్ చూసి పుస్తకాల్లోంచి తీయాలి.

సాంబారు కారే టిఫిన్ బాక్సుకి మూత రబ్బరు 30.

వాషర్లు రెండు 40, మూత రబ్బరు 30, సీసా 300. ఖర్చు 370. ఇప్పటిదాకా రూ. 705.

దశ 6: బూట్లు, ప్యాంట్లు

సాయంత్రం పూట, నిలబెట్టి, రెండు పాదాలూ కాగితం మీద గీయాలి. పెద్దదాని పొడవు లెక్క. బూటు లోపలి అట్ట బయటికి తీసి కొలవాలి. పాదం కన్నా 10–12 మి.మీ. ఎక్కువ ఉండాలి.

- చిన్న జత: పాదం 20.1 సెం.మీ., అట్ట 20.4. మిగిలింది 3 మి.మీ. మార్చాలి.
- పెద్ద జత: పాదం 23.4, అట్ట 24.6. మిగిలింది 12 మి.మీ. ఉంచాం.

మన షాపుల్లో వాడే నంబర్లలో ఒక సైజుకి ఇంకో సైజుకి తేడా దాదాపు 8.5 మి.మీ. రెండు సైజులు పెద్దది కొని ముందు దూది కుక్కితే మడమ జారి బొబ్బలెక్కుతుంది. పెద్ద జతకి సోలు ఊడొచ్చింది. సొల్యూషన్‌తో అంటిస్తే సోలు వంగే చోట మళ్లీ నోరు తెరిచింది. అంటించి, చుట్టూ కుట్టు కూడా వేయించాం, 80.

ప్యాంట్లకి కింది మడత విప్పి పొడవు పెంచడం తెలిసిన పనే. ఒక్క జాగ్రత్త: ముందు మడత విప్పి లోపలి రంగు చూడండి. బయటి గుడ్డ వెలిసిపోయి ఉంటే పాత మడత చోట ముదురు పట్టీ తేలుతుంది, ఎన్ని ఉతుకులైనా కలవదు. మా రెండిట్లో తేడా తక్కువే కాబట్టి ఇచ్చాం. కొత్తవి కుట్టించేవాళ్లు కనీసం 6 సెం.మీ. మడత అడిగి పెట్టించుకోవాలి.

బూట్లు 500, సోలు కుట్టు 80, సాక్సులు 200, ప్యాంట్లు 100. ఖర్చు 880. ఇప్పటిదాకా రూ. 1,585.

దశ 7: ఇంకా చూడాల్సినవి

దసరా సెలవుల్లో మళ్లీ తీయాల్సినవి మూడు.

1. పెద్ద జత బూట్లు: పాదం మళ్లీ గీసి కొలవాలి. మిగులు 6 మి.మీ. కన్నా తగ్గితే సంక్రాంతి దాకా ఆగకుండా కొనాలి.
2. పట్టీ అతుకు: పెన్సిల్ గీత జరిగిందేమో చూడాలి. జరిగితే పక్క పట్టీ కుట్టు కూడా విప్పి, రెండు వైపులా వెడల్పుగా ఒకే అతుకు వేయాలి.
3. పెద్ద బ్యాగు అడుగు: పూత ఊడిన గుడ్డ వానలన్నీ ఆగుతుందని నమ్మకం లేదు. కొలత తీసి పెట్టాం, 30×14 సెం.మీ., కుట్టుకి చుట్టూ ఒకటిన్నర సెం.మీ. అదనం. దానికి మందపాటి రెక్సిన్ ముక్క చాలు, లైనింగు విప్పక్కర్లేకుండా బయటినుంచే మెషీన్ మీద వేయొచ్చు.